సేకీ టెల్‌కీ మధ్య ఒక ఎడమ చెయ్యి

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, అవీ ఇవీ మాట్లాడి, లేచే ముందు అసలు సంగతి బయటపెడతారు. "మేడం, తనిఖీకి వస్తున్నారంట. భయంగా ఉంది. ఏం చెయ్యమంటారు?" నేను ధైర్యం చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పను. భయపడండి నాయనా అంటాను. పాఠం చెప్పడం రానివాళ్ళకు భయం అక్కర్లేదు, వాళ్ళకు వంద దారులున్నాయి. బాగా చెప్పగలిగినవాళ్ళే జాగ్రత్తగా ఉండాలి. ఇదేం చోద్యమమ్మా అని మొహాలు చూసుకుంటారు. అప్పుడు ఈ సంగతి చెబుతాను. ఇక్కడ మీకూ చెబుతున్నాను.

నా చివరి పోస్టింగు రొంపిచెర్ల వైపు ఒక సర్కారు హైస్కూలు. నరసరావుపేట నుంచి రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. ఇంగ్లీషు సీనియర్ టీచర్ని కాబట్టి పదో తరగతి నా నెత్తిన ఉండేది. మా హెడ్మాస్టరు గారు చెడ్డవాడని ఎవరూ అనరు. పిల్లల్ని కొట్టడు, మా జీతాల బిల్లులు ఆపడు, పండక్కి అందరికీ స్వీటు తెప్పిస్తాడు. ఆయనకున్న రోగం ఒక్కటే. వచ్చిన అధికారి నవ్వుతూ వెళ్ళాలి. అంతే. తర్వాత బడి ఏమైనా ఫరవాలేదు.

దానికి ఆయన దగ్గర ఒక మందుండేది. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో నేర్చుకుని, పోయిన బడికల్లా వెంట తీసుకెళ్ళాడు. పిల్లల్ని నిలబెట్టి చెప్పేవాడు: "ఒరేయ్, ఎవరన్నా సారొచ్చి ప్రశ్న అడిగితే అందరూ చేతులెత్తాల. జవాబు వచ్చినోళ్ళు కుడి చెయ్యి, రానోళ్ళు ఎడం చెయ్యి. తెలిసిందా?" క్లాసు మొత్తం చేతులు లేస్తాయి. లోపలున్న టీచరు చూసి చూసి కుడి చెయ్యి ఎత్తినవాణ్ణి లేపుతుంది. వాడు గడగడా చెబుతాడు. అధికారి ఆహా అంటాడు. లోపలి రహస్యం పిల్లలకూ మాకూ తెలుసు, వచ్చినవాడికి తప్ప. నా క్లాసులో ఈ వేషాలు కుదరవని మొదట్లోనే చెప్పేశాను. "మీ ఇష్టమమ్మా" అన్నాడాయన. అన్న మాట ప్రకారం ఏ అధికారి వచ్చినా నా క్లాసు గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. పదో తరగతి పిల్లలు పరీక్షలకు చదువుకుంటున్నారండీ, డిస్టర్బ్ చెయ్యకూడదండీ అని వరండాలోంచే మళ్ళించేవాడు.

ఆ ఏడు ఎనిమిదో తరగతికి తాత్కాలికం మీద ఒక ఇంగ్లీషు టీచరు వచ్చింది. వినుకొండ అవతల పల్లె. సన్నగా, ఎప్పుడూ ఒకే గోధుమరంగు సంచీ భుజాన వేసుకుని, రెండు బస్సులు మారి వచ్చేది. వాళ్ళ నాన్న కౌలుకు మిర్చి వేశాడు. నల్లతామర పురుగు పడి చేను చేనంతా పోయింది. ఆ ఇంటికి ఈ పిల్ల జీతమే ఆధారం. ఏడాదికోసారి రెన్యూవలు. అది కూడా ఒక అధికారి వచ్చి క్లాసు చూసి, ఫరవాలేదు అంటేనే. ఆ క్లాసు బాగా జరిగితే వచ్చే ఏడు ఉద్యోగం, లేకపోతే లేదు. నన్ను మొదట మేడం అనేది, నెల తిరక్కుండా అక్కా అనడం మొదలుపెట్టింది.

ఆమె పాఠం నేను కిటికీలోంచి విన్న రోజు నాకు ఇంకా గుర్తుంది. 'సే'కీ 'టెల్'కీ తేడా చెబుతోంది. ఈ రెండింటితో మన పిల్లలు పడే అవస్థ ఇంగ్లీషు చెప్పినవాళ్ళకే తెలుస్తుంది. మనకు ఉన్నది ఒక్కటే మాట, చెప్పడం. పాఠం చెప్పినా, అబద్ధం చెప్పినా, పక్కింటావిడకు చెప్పినా, గోడకు చెప్పినా చెప్పడమే. అందుకని వాళ్ళు 'హీ సెడ్ మీ' అనేస్తారు. నేనైతే నా సర్వీసంతా ఒక సూత్రం బట్టీ పట్టించాను: 'టెల్' పక్కన మనిషి ఉండాలి, 'సే' పక్కన మాట ఉండాలి, 'సే' తర్వాత మనిషిని తేవాలంటే ముందు 'టు' పెట్టాలి. పిల్లలు సూత్రం అప్పజెప్పేవాళ్ళు. పరీక్షలో మళ్ళీ 'సెడ్ మీ' అని రాసేవాళ్ళు.

ఈ పిల్ల సూత్రం జోలికే పోలేదు. ఒక ఆడపిల్లను లేపి గోడవైపు తిప్పి నిలబెట్టింది. "ఎండగా ఉంది అను" అంది. ఆ పిల్ల గోడకు అంది. "ఇప్పుడు ఇది ఎవరికి చెప్పింది?" క్లాసంతా నవ్వింది. "ఎవురికీ కాదు టీచర్, గోడకి!" "అయితే సే. షీ సెడ్ ఇట్ వాజ్ హాట్." తర్వాత ఆ పిల్లను ఇటు తిప్పి, ఒక స్నేహితురాలి మొహం చూసి అదే మాట అనమంది. "ఇప్పుడు?" "దానికి చెప్పింది టీచర్!" "అదీ టెల్. షీ టోల్డ్ హర్. టెల్ అంటే వినే మనిషి మొహం కనపడాలి." ఆ తర్వాత పిల్లలే నియమం కనిపెట్టారు. కథ చెప్పడానికీ, నిజం చెప్పడానికీ, అబద్ధం చెప్పడానికీ మనిషిని పక్కన పెట్టకపోయినా టెల్ వస్తుంది అని మినహాయింపులు కూడా నవ్వుతూనే నేర్పింది. ఒకడు లేచి, "అబద్ధానికి వినేవోడు లేకపోతే ఎట్ట టీచర్?" అని అడిగాడు కూడా. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క పిల్లాడూ అంత మంచి ప్రశ్న అడగలేదు. నాకు అసూయ కలిగిందని ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు. అసూయ పడదగ్గ టీచరు దొరకడం కూడా అదృష్టమే.

ఆమె క్లాసులో చేతులకు వేరే చట్టం ఉండేది. అర్థం కానివాళ్ళు మాత్రమే చెయ్యెత్తాలి. ఏ చెయ్యైనా సరే. ఎత్తితే ఆమె వాళ్ళ బెంచీ దగ్గరికి పోయి మళ్ళీ చెప్పేది. జవాబు తెలిసినవాళ్ళు ఊరికే లేచి చెప్పెయ్యడమే. మొదట్లో ఒక్క చెయ్యీ లేచేది కాదట. సర్కారు బడి పిల్లలకు 'నాకు రాలేదు' అనడం కంటే తన్నులు తినడం సులువు. రెండు మూడు నెలలకు భయం పోయింది. దసరా నాటికి చేతులు ధైర్యంగా లేవడం మొదలైంది. ఫిబ్రవరికి మళ్ళీ తగ్గాయి, ఈసారి అర్థమవుతోంది కాబట్టి.

తనిఖీ తేదీ తెలిసిన రోజు హెడ్మాస్టరు గారి కుడి ఎడమల కథ ఆమెకు నేనే చెప్పాను, నవ్వుకోవడానికి. ఆమె నవ్వలేదు. "మా క్లాసులో వద్దక్కా. మా పిల్లలు తికమక పడతారు" అంది. ఇద్దరం కలిసి ఆయన గదికి వెళ్ళాం.

"సార్, ఆ పిల్లల్ని మీరేం తయారు చెయ్యొద్దు. పాఠం బాగా వస్తది" అన్నాను.

"సరేలే అమ్మా. నాకేంది, మీరు చూసుకుంటానంటే నాకు చాకిరి తప్పె" అన్నాడాయన. ఆ అమ్మాయి చేతులు జోడించింది.

తనిఖీకి ముందురోజు మధ్యాహ్నం ఆయన ఆమెను చార్టులూ పటాలూ తెమ్మని రొంపిచెర్ల పంపించాడు. నేను పదో తరగతిలో స్పెషల్ క్లాసు తీసుకుంటున్నాను. ఆ గంటలో ఆయన ఎనిమిదో తరగతికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని మందు వేసి వచ్చాడు. "మీ టీచర్ అడిగితే మీ ఇష్టం. వచ్చిన సారే అడిగితే మాత్రం కుడి ఎడం. మీ టీచర్‌కి చెప్పబాకండి, ఊరికే కంగారు పడిద్ది." ఈ సంగతి మాకు మర్నాడు దాకా తెలియదు.

మర్నాడు అధికారి వచ్చాడు. కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసే రోజులు. గాలి తోలితే ఘాటు కిటికీల్లోంచి వచ్చి కళ్ళు మండేవి. ఆయన రెండుసార్లు గట్టిగా తుమ్మి, వెనక బెంచీలో కూర్చున్నాడు. ఒకపక్క హెడ్మాస్టరు, ఒకపక్క నేను. ఆ అమ్మాయి 'సే', 'టెల్' పాఠాన్నే ఎంచుకుంది. గోడ, మొహం, నవ్వులు, అన్నీ జరిగాయి. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు లేచి వాక్యాలు చెబుతుంటే నేను లోపల్లోపల దండం పెట్టుకుంటున్నాను. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అర్థం కానివాళ్ళు లేరన్నమాట. ఆ అమ్మాయి మొహం వెలిగిపోతోంది.

అధికారికి అదే వింతగా అనిపించింది. ఎక్కడికి పోయినా అడవిలా లేచే చేతులు చూసిన మనిషి. "ఏంటమ్మా, ఒక్కళ్ళూ చెయ్యెత్తరేం? నేను అడుగుతాను ఉండు" అని లేచి, గబగబా ఇంగ్లీషులో ఒక పెద్ద ప్రశ్న వేశాడు. 'హీ సెడ్ మీ' అనే వాక్యం ఎందుకు తప్పో వివరించగలవాళ్ళు ఎవరు అని దాని అర్థం. జవాబు ఆ క్లాసులో అందరికీ తెలుసు. ఆయన అడిగిందే తెలియలేదు, అంత వేగంగా అడిగాడు.

క్లాసు క్లాసంతా చేతులు లేచాయి. కొన్ని కుడి, చాలా ఎడమ.

ఆ అమ్మాయి మొహంలో రక్తం లేదు. ఆమె లెక్కలో అన్ని చేతులు లేచాయంటే క్లాసులో ఒక్కరికీ అర్థం కాలేదని. నెలల తరబడి నమ్ముకున్న లెక్క అది. కంగారులో ఆమె అధికారి వైపు తిరిగి, "సార్, పిల్లలకు అర్థం కాలేదు సార్. నేను మళ్ళీ చెప్తాను" అంది.

"అర్థం కాలేదా? అందరూ చెయ్యెత్తితే అర్థం కాలేదంటావేంటమ్మా? నీకు నీ క్లాసు గురించే తెలీదా?" అన్నాడాయన. అని, నడిమి వరుసలో ఉన్న ఒక ఆడపిల్లను లేపాడు. ముందు గోడకు చెప్పిన పిల్లే. అది ఎడమ చెయ్యి ఎత్తి ఉంది. లేచి నిలబడి, ఎత్తిన చెయ్యి ఇంకాస్త పైకెత్తింది. ఆయన రెట్టించాడు. పిల్ల దిక్కులు చూసింది. చివరికి ఏడుపు గొంతుతో, "నన్నడగగూడదు సార్. నాది ఎడం చెయ్యి" అంది.

"అంటే?"

"వచ్చినోళ్ళే కుడి చెయ్యి సార్. మేం రానోళ్ళం."

అధికారి ఈసారి నెమ్మదిగా, ఇంగ్లీషులోనే అడిగాడు. "హూ టోల్డ్ యూ?"

ఈ ప్రశ్న ఆ పిల్లకు అర్థమైంది. మొహం తేటపడింది. వాళ్ళ టీచరు వైపు ఒకసారి గర్వంగా చూసి, కట్టె విరిచినట్టు చెప్పింది. "హెడ్మాస్టర్ సార్ టోల్డ్ అస్, సార్."

ఎంత చక్కటి వాక్యం! టెల్, వెంటనే వినే మనిషి, ఎక్కడా పొల్లు లేదు. నేను చేతులారా పదికి పది వేసేదాన్ని. ఆ పిల్ల టీచరు ఆ ఏడాదంతా పడ్డ కష్టానికి అంతకంటే రుజువేం కావాలి?

హెడ్మాస్టరు గారు ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే. అనుభవం ఊరికే పోతుందా! పెద్దగా నవ్వి, "పిల్లలు కదండీ, భయపడి నా పేరు చెప్పేశారు. చేతుల గురించి ఈ అమ్మాయికే ఏవో సొంత రూల్సున్నాయి సార్. నేను చానాసార్లు చెప్పి చూశా, వినదు. కావాలంటే అడగండి" అన్నాడు. అధికారి పిల్లల వైపు తిరిగి, "మీ టీచర్ క్లాసులో చేతులెత్తడానికి రూలుందా?" అని అడిగాడు.

"ఉంది సార్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. నిజమే కదా పాపం. వాళ్ళ టీచరు రూలంటే వాళ్ళకు ప్రాణం.

నేను లేచాను. "సార్, ఆమె రూలు వేరు, ఈ రూలు వేరు. కుడి ఎడమలు ఈ బళ్ళో ఎవరి పద్ధతో బడి మొత్తానికీ తెలుసు. ఎవరినైనా అడగండి" అన్నాను. "కూర్చోండి మేడం" అన్నాడు అధికారి. నేను కూర్చోలేదు. మిగతా టీచర్లందర్నీ పిలిపించమన్నాను. పిలిపించాడు. వరండాలో వరసగా నిలబడ్డారు. స్టాఫ్ రూములో రోజూ ఆ కుడి ఎడమల మీద జోకులేసి పడీ పడీ నవ్వేవాళ్ళే. ఒకాయన చెప్పుల వైపు చూశాడు, ఒకావిడ కొంగు సర్దుకుంది, ఇంకొకాయనకు ఫోనొచ్చింది. మాకు తెలీదండీ అన్నారు. టీ గ్లాసుకు చెప్పడం వేరు, మొహం చూసి చెప్పడం వేరు. ఎనిమిదో తరగతి పిల్లలకు వచ్చిన పాఠం మా వాళ్ళకు రాలేదు.

ఆ అమ్మాయి ఇవేవీ వింటున్నట్టు లేదు. బోర్డు దగ్గర నిలబడి, ఇంకా ఎత్తి ఉన్న ఒకటి రెండు చేతుల వైపు చూసి, "దించండమ్మా" అంది.

అధికారి వెళ్ళేముందు జీపు దగ్గర ఆయన్ను పట్టుకున్నాను. నాకు కోపమొస్తే ఎదుట ఎవరున్నారో కనపడదు. "మీకు నిజంగా అర్థం కాలేదా సార్?" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎందుకు కాలేదు మేడం? నేనూ హెడ్మాస్టరుగా చేసి వచ్చినవాణ్ణే. ఈ చేతుల సంగతి నాకు కొత్తా?"

"మరి?"

"ఆయన ఈ ఏడు రిటైరవుతున్నాడు. ఆయన మీద రాస్తే పెన్షను ఆగిపోతుంది. మీరందరూ పర్మనెంటు. నలుగురిలో గొడవైపోయింది, ఎవరో ఒకరి మీద పెట్టకుండా నేను పోలేను. ఆ అమ్మాయికి వయసుంది, ఇంకోచోట చూసుకుంటుంది."

"మెత్తగా ఉన్నవాళ్ళను చూస్తే మొత్తబుద్ధవుతుందని మా పెద్దలు ఊరికే అనలేదు" అన్నాను. ఆయన మళ్ళీ తుమ్మి జీపెక్కాడు. నేను ఆ తర్వాత గుంటూరు దాకా పోయి ఆయన పైవాళ్ళకు కూడా చెప్పాను. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, విన్నారు. విని, సరే మేడం అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా ఎంత గట్టిగా కొరుకుతున్నావని అడుగుతాడట. వీళ్ళు అది కూడా అడగలేదు.

ఆమెను ఆ వారమే ఆపేశారు. చివరి రోజు సంచీ సర్దుకుంటుంటే నేను తిట్టాల్సిన వాళ్ళందర్నీ తిడుతున్నాను. ఆమె నన్ను ఆపింది. "పోనీలే అక్కా. మా క్లాసు మీరే తీసుకోండి. వేరేవాళ్ళకి ఇవ్వనియ్యొద్దు. మా పిల్లలు ఇప్పుడిప్పుడే అడుగుతున్నారు" అంది. బస్సెక్కేదాకా అదే మాట. ఇంటి సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. ఇప్పుడు ఆమె వినుకొండలో ఒక బట్టల షాపులో బిల్లు కౌంటరు దగ్గర కూర్చుంటోంది. ఒకసారి వెళ్ళి చీర కొన్నాను. బాగున్నావా అంటే బాగున్నానక్కా అంది. మళ్ళీ బడి వైపు రమ్మంటే నా వెనక నిలబడ్డ మనిషిని చూసి, "నెక్స్ట్ ఎవరండీ" అంది.

హెడ్మాస్టరు గారి రిటైర్మెంటు సన్మానం మాత్రం ఘనంగా జరిగింది. మేళం, శాలువా, గజమాల. ఆ అధికారే ముఖ్య అతిథి. క్రమశిక్షణ అంటే ఈ బడిలో పిల్లల్ని చూసి నేర్చుకోవాలన్నాడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. మా ఊళ్ళో దొరికినా దొరే. నేను భోజనం చెయ్యకుండా వచ్చేశాను. నా కోసం ఎవరూ చూడలేదు, ఆ రోజు బిరియానీ బాగుందట.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానంటే, ఆమె ఆగిపోయిన మర్నాడు జరిగినదాని కోసం. ఎనిమిదో తరగతి నేనే తీసుకున్నాను, పంతం పట్టి. కొత్త పాఠం మొదలుపెట్టి, కాస్త కష్టమైనచోట ఆగి, ఆమె అడిగినట్టే అడిగాను. "అర్థం కానివాళ్ళు చెయ్యెత్తండి." ఒక్కరూ ఎత్తలేదు. "ఏ చెయ్యైనా ఫరవాలేదు" అన్నాను. చేతులన్నీ బెంచీల కింద. "సరే, అర్థమైనవాళ్ళు ఎత్తండి." అప్పుడూ అంతే. ఆ ఏడు పరీక్షలు అయ్యేదాకా ఆ క్లాసులో చెయ్యి లేవలేదు. నెలల తరబడి వాళ్ళ టీచరు పోగొట్టిన భయం ఒక్క పూటలో తిరిగొచ్చి కూర్చుంది.

బెల్లు కొట్టాక అందరూ వెళ్ళారు. ఆ నడిమి వరుస పిల్ల మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఏమే అన్నాను.

"మా టీచర్ నా వల్లే పోయిందంట గదా టీచర్?"

"ఎవురన్నారే? నీ వల్ల కాదు. నువ్వు నిజం చెప్పావు. ఈ బళ్ళో అందరి ముందర నిజం చెప్పిన పిల్లవి నువ్వు. మీ టీచర్ కూడా అదే అంది" అన్నాను. చివరిమాట నేను కల్పించిందే. ఏడుపు ఆగుతుందేమోనని.

ఆ పిల్ల ఏడవలేదు. లెక్క తేలినట్టు తలూపి, నా మొహం చూసి, వాళ్ళ టీచరు నేర్పినట్టే సూటిగా చెప్పింది.

"నేను చెప్పకపోతే ఉండేది గదా టీచర్."

సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది.